ఆదివారాలు మామగారు ఎక్కడికి వెళ్ళేవారు

మా మామగారికి భయమనేది కూడా ఒకటుంటుందని ఆ చలికాలం దాకా నాకు తెలియదు.

ఆయనది ప్రింటింగ్ ప్రెస్సు. మందుల సీసాలకి అట్టపెట్టెలు, స్కూలు పుస్తకాలు, గోడకి తగిలించే పెద్ద పెద్ద పటాలు వేసేవాళ్ళం. ఆయన మిషన్ హాల్లో అడుగుపెడితే మిషన్లు కూడా కాస్త ఒద్దికగా తిరుగుతాయని పనివాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. అంతకుముందు బడిలో భూగోళం చెప్పేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలోనే ఆయన "మీరు ప్రెస్సుకొచ్చెయ్యండి అల్లుడుగారూ" అన్నారు. వచ్చేశాను. తన పక్కన నాకో కుర్చీ వేయించారు. ఎన్నేళ్ళయినా నన్ను "మీరు" అనే అనేవారు. ఆ "మీరు"లో మర్యాద ఎంతుందో, మా ఇద్దరి మధ్య ఖాళీ కూడా అంతే ఉండేది.

ఆ ఏడాది చలి మొదలవుతుండగా, ఎక్కడో తూర్పున, సముద్రాల అవతల ఒక పాత ప్రెస్సు మూతబడుతోందనీ, అందులో ఉన్న నాలుగు రంగుల మిషన్ అమ్మేస్తున్నారనీ కబురొచ్చింది. అలాంటి మిషన్ మీద మామగారికి ఎప్పట్నుంచో కన్ను. కాకపోతే కొన్నవాళ్ళే వెళ్ళి విప్పుకోవాలి, పెట్టెల్లో సర్దుకోవాలి, ఓడెక్కించుకోవాలి. ఆ పని ఇంకొకళ్ళ చేతిలో పెట్టడం ఆయన వల్ల కాదు. "మీరూ రండి, భాష తెలిసినవాళ్ళు ఒకళ్ళుండాలి" అన్నారు నాతో. ప్రెస్సు మా ఆవిడకి అప్పజెప్పారు. "మేం వచ్చేదాకా కాస్త చూస్తూ ఉండు" అన్నారు, పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమన్నట్టు.

వెళ్ళేటప్పుడు విమానంలో ఆయన కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దిగేదాకా అలాగే కూర్చున్నారు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మిషన్ ఎలా విప్పాలో మనసులో లెక్కలు కడుతున్నారనుకుని నేను పలకరించలేదు.

ఆ ప్రెస్సు ఊరి చివర, రైలు కట్ట పక్కన. పైకప్పు అద్దాలకి పాతకాలపు మసి. మిగతా మిషన్లన్నీ అప్పటికే వెళ్ళిపోయాయి. అవి ఉన్న చోట నేల మీద నల్లటి చమురు మరకలు మాత్రం మిగిలాయి. మధ్యలో మా మిషన్ ఒక్కటీ, బండి దొరక్క స్టేషన్లో ఉండిపోయిన చుట్టంలా. దాన్ని తన పెళ్ళి నాటి నుంచీ నడిపిన పెద్దాయన ఒకడు మాకు సాయం వచ్చాడు. నెత్తి మీద ఉన్ని టోపీ తియ్యడు. మేం టోపీ పెద్దాయన అనేవాళ్ళం. ఆయన భాష మామగారికి రాదు, మామగారి భాష ఆయనకి రాదు. నేను మధ్యలో నిలబడి తర్జుమా చెయ్యబోతే ఇద్దరూ నన్ను పక్కకి జరగమని సైగ చేసేవారు. ఆయన చెయ్యి చాపితే మామగారు సరిగ్గా కావలసిన పానా అందించేవారు. రోలర్లని దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డల్ని ఊయల్లో పడుకోబెట్టినట్టు ఇద్దరూ కలిసి పెట్టెల్లో పడుకోబెట్టేవారు.

నాకు పని తక్కువ, చూడ్డానికి లోకం ఎక్కువ. అక్కడి కిటికీలకి రెండేసి అద్దాలెందుకో, ట్రాము మలుపు దగ్గర అంతలా ఎందుకు కీచుమంటుందో, మధ్యాహ్నం దాటగానే చీకటెందుకు పడుతుందో, కనపడిన వాళ్ళనల్లా అడిగేవాణ్ణి. ఒక్క విషయం మాత్రం అడగలేకపోయాను. ఆదివారం పని ఉండేది కాదు. పొద్దున్నే టోపీ పెద్దాయన తన పాత వ్యానేసుకుని వచ్చేవాడు. మామగారు ముందు సీట్లో కూర్చునేవారు. సాయంత్రానికి ముక్కు ఎర్రగా కందిపోయి, బూట్లకి బురదా గడ్డీ అంటుకుని తిరిగొచ్చేవారు. ఎక్కడికని చెప్పేవారు కాదు. ఇక నా బుర్ర ఊరుకుంటుందా. మందు కొట్టొస్తున్నారా అంటే వాసన లేదు. గుడో గోపురమో అంటే ఆయనకి ఆ అలవాటే లేదు. చేపలకి గాలం వేస్తున్నారా అంటే ఒక్క చేపా రాదు.

మా ఆవిడకి ఫోన్లో చెప్పాను.

"అడగొచ్చుగా" అంది.

"నువ్వడుగు. నీకు నాన్న కదా."

"నేను చిన్నప్పుడే మానేశానండీ. నాన్నని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది."

రోజూ సాయంత్రం ఆయన మా ఆవిడతో మాట్లాడేవారు. మాట్లాడ్డమంటే, "ఫోను మిషన్ దగ్గర పెట్టు" అనేవారు. అక్కడ తిరుగుతున్న మా పాత రెండు రంగుల మిషన్ చప్పుడు ఇక్కడ చెవికి ఆనించుకుని వినేవారు. ఒకరోజు వింటూ వింటూ ముఖం చిట్లించారు.

"నీళ్ళ రోలరు చప్పుడు తేడాగా ఉంది. దాన్ని ముట్టుకోకు. నేనొచ్చి చూస్తాను."

"అది పోయిన వారం చప్పుడు నాన్నా. బేరింగు అరిగింది, మార్చేశాను. ఇప్పుడు నువ్వు వింటున్నది కొత్త బేరింగు. ఇంకా సర్దుకోలేదు."

"ఎవరు మార్చారు?"

"నేనే."

మామగారు ఆ కొత్త బేరింగు చప్పుడు మళ్ళీ విన్నారు. తర్వాత "సరే" అని పెట్టేశారు. ఆ రాత్రి ఎప్పుడూ తినేదానికంటే కాస్త తక్కువ తిన్నారు. నేను గమనించాను గానీ ఎందుకో అర్థం చేసుకోలేదు.

చివరి పెట్టెకి మేకులు కొట్టేసరికి చలి వెనక్కి తగ్గింది. ఓడ తేదీ ఖాయమైంది. నేను విమానం టిక్కెట్ల సంగతి ఎత్తితే ఆయన పెట్టెల వైపు చూస్తూ, "మనం కూడా ఓడలో పోకూడదూ?" అన్నారు.

"ఓడ మనుషుల్ని ఎక్కించుకోదు మామగారూ. సామాన్లకే."

"మిషన్‌కి తోడు ఎవరో ఒకరు ఉంటే మంచిదని."

మిషన్ మీద ప్రేమ అనుకుని నవ్వుకున్నాను. టోపీ పెద్దాయన మాత్రం నవ్వలేదు. విమానాశ్రయానికి తనే తన వ్యానులో తీసుకొచ్చాడు. గుమ్మం దగ్గర మామగారి చెయ్యి పట్టుకుని, రెండో అరచేతిని విమానంలా గాల్లో తేల్చి, మెల్లగా కిందికి దించి, తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. మామగారు తలూపారు. ఈ మూగ నాటకమేమిటో నాకు అంతుబట్టలేదు.

సీట్ల దగ్గరికి వచ్చాక ఇంకో వింత. "మీరు అటు కూర్చోండి, కిటికీ నాకివ్వండి" అన్నారు. వచ్చేటప్పుడు రెప్ప ఎత్తని మనిషి. విమానం కదిలింది. ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు, కళ్ళు మాత్రం కిటికీ వదల్లేదు. నేల వదిలాక నాతో మెల్లగా, పాఠం అప్పజెబుతున్నట్టు అన్నారు.

"ఇప్పుడు చక్రాలు లోపలికి లాక్కుంటుంది. కింద దబ్బుమంటుంది. కంగారు పడకండి."

కింద దబ్బుమంది.

"ఇప్పుడు రెక్క వెనక అంచు లోపలికి జరుగుతుంది. చప్పుడు తగ్గినట్టనిపిస్తుంది. ఇంజను ఆగిపోయిందనుకుంటారు. ఆగదు."

అన్నట్టే చప్పుడు తగ్గింది. నేను కిటికీ వైపు కాదు, ఆయన వైపే చూస్తున్నాను.

"ఇవన్నీ మీకెలా తెలుసు మామగారూ?"

ఎయిర్ హోస్టెస్ నీళ్ళు తెస్తే తీసుకుని సగం తాగారు. విమానం మేఘాల పైకి వచ్చి నిలకడగా సాగుతోంది. బయట ఎండ కాస్తోంది.

"ఆదివారాలు వాటినే చూసొచ్చేవాణ్ణి" అన్నారు. "విమానాలు దిగే చోటు పక్కన ఒక పొలం ఉంది. మధ్యలో కంచె. ఆయన తీసుకెళ్ళాడు. మొదటి వారమే కనిపెట్టేశాడు. పని చేస్తుంటే ఆ హాలు మీదుగా విమానాలు పోయేవి కదా, పోయినప్పుడల్లా నా చేతిలో పానా ఆగిపోయేదిట. నాకే తెలీదు."

"మీకు విమానమంటే..."

"భయం. వచ్చేటప్పుడు నా ప్రాణం నా దగ్గర లేదు." ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో సిగ్గు లేదు. అట్ట మందం ఎంతో చెబుతున్నట్టు చెప్పారు. "అందుకని కూర్చుని చూశాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకదాని వెనక ఒకటి దిగుతూనే ఉంటాయి. వానొచ్చినా దిగాయి, మంచు పట్టినా దిగాయి. ఒక్కటి కూడా దిగడం మర్చిపోలేదు. ఆయన చేతులతో చూపించేవాడు, ఇప్పుడు ఇది తెరుచుకుంటుంది, ఇప్పుడు అది మూసుకుంటుంది అని. మిషన్ ఏం చేస్తోందో తెలిస్తే సగం భయం పోతుంది."

"మిగతా సగం?"

"అది ఇక్కడే ఉంది" అని కుర్చీ చేతి మీద ఉన్న తన చెయ్యి చూపించారు.

భోజనాలయ్యాక కిటికీలు మూసెయ్యమన్నారు. లోపల అందరూ దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. మామగారు తమ కిటికీ పూర్తిగా దించకుండా బెత్తెడు ఖాళీ ఉంచి, దాంట్లోంచి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి నన్ను మోచేత్తో కదిపారు.

"పొద్దెందుకు వాలట్లేదు? మనం ఎక్కినప్పుడు ఎక్కడున్నాడో సూర్యుడు అక్కడే ఉన్నాడు."

నా నిద్ర ఎగిరిపోయింది. ట్రేలో మిగిలిన నారింజ తీసుకున్నాను. ముందు సీటు వెనక వెలుగుతున్న చిన్న దీపాన్ని సూర్యుడనుకోమన్నాను. నారింజని మెల్లగా తిప్పుతూ, దాని మీద నా వేలి గోరుని విమానంలా ఎదురు నడిపించాను. భూమి మనల్ని చీకట్లోకి మోసుకుపోతోంది, మనం పడమటికి ఇంచుమించు అంతే వేగంతో వెనక్కి పరిగెడుతున్నాం, అందుకే ఈ మధ్యాహ్నం మనతో పాటు వస్తోందని చెప్పాను. ఆయన నారింజ తీసుకుని తనే తిప్పి చూసుకున్నారు. ఇటు తిప్పితే ఏమవుతుంది, వేరే వైపు పోతే ఏమవుతుంది, మరీ పైన కొసకి పోతే ఏమవుతుందని అడిగారు. నేను చెబుతూనే ఉన్నాను. కింద ఉన్న సముద్రాల గురించి, గాలుల గురించి, ఎడారి పైన మబ్బు ఎందుకు నిలవదో దాని గురించి. ఎంతసేపు చెప్పానో నాకే తెలీదు.

అప్పుడే విమానం ఒక్కసారి కిందికి జారినట్టయింది. గ్లాసులు కదిలాయి, ఎక్కడో ఎవరో కెవ్వుమన్నారు. బెల్టులు పెట్టుకోమని మైకులో చెబుతున్నారు. నేను ముందు సీటు పట్టుకున్నాను. మామగారి చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది.

"కదలకు. నీ బెల్టు ఉందిగా. గాలి అంతే. రెక్క చూడు, వంగుతోంది. వంగాలనే చేశారు దాన్ని. వంగకపోతేనే విరుగుతుంది."

రెక్క వంగుతోంది, లేస్తోంది. ఆయన చెయ్యి చల్లగా, తడిగా ఉంది. అయినా తియ్యలేదు. కాసేపటికి అంతా సర్దుకుంది. ఆయన నన్ను "నువ్వు" అన్నారని నాకప్పుడు తట్టింది. ఆయనకి తట్టినట్టు లేదు.

కిటికీ సందులోంచి బయటికి చూస్తూనే అన్నారు. "ఆ ఊళ్ళో ట్రాము చక్రం గురించి నువ్వు డ్రైవర్ని అడగడం నేను చూశాను. కిటికీ అద్దాల గురించి మేస్త్రీని అడిగావు. ఇన్నేళ్ళ నుంచి నా పక్కన కూర్చున్నావు. మిషన్ గురించి ఒక్కనాడు ఒక్క ప్రశ్న అడగలేదు."

నేను బెల్టు సర్దుకున్నాను.

"అమ్మాయి అట్లా కాదు. బల్ల ఎత్తు కూడా లేనప్పుడే, కాగితం లోపలికెళ్ళి ఎలా తిరిగొస్తుంది నాన్నా అని ప్రాణం తీసేది. పని చెప్పి పంపించేసేవాణ్ణి." నా వైపు తిరిగారు. "నీకు ప్రెస్సంటే ఇష్టమేనా?"

నన్ను ఆ మాట ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసి, చూసి, చూడ్డం మానేసిన రోజులున్నాయి. ఎయిర్ హోస్టెస్ బండి తోసుకుంటూ వచ్చి ఇద్దరికీ రొట్టె, వెన్న ఇచ్చి వెళ్ళింది. ఆ వెన్న మీది కాగితం విప్పుతూ అన్నాను.

"ఇష్టం లేదు మామయ్యా. మళ్ళీ బడికి పోవాలని ఉంది."

"ఊఁ" అన్నారాయన. రొట్టె మధ్యకి చీల్చి, వెన్న రాసుకుని, అంచుల దాకా సరిగ్గా సర్ది, తినడం మొదలుపెట్టారు. రొట్టె అయిపోయాక కిటికీ మూత పూర్తిగా పైకెత్తి, "ఇంకెంత దూరం ఉంది, ఆ తెర మీది పటంలో చూసి చెప్పు" అన్నారు.

దిగిన చోట మా ఆవిడ నిలబడి ఉంది, ప్రెస్సు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, గోళ్ళ సందుల్లో నీలం ఇంకు. తండ్రిని చూసి "ఎలా జరిగింది నాన్నా ప్రయాణం?" అంది. "బాగానే దిగింది" అన్నారాయన.

విమానంలో అనుకున్న మాట పెట్టెలొచ్చే దాకా ఎత్తలేదు. ఓడ ఆలస్యమై, ఎండలు ముదిరాక వచ్చాయి. వాటిని ప్రెస్సు పెరట్లో దించి, టార్పాలిన్ పట్టాలు కప్పారు. ఆ సాయంత్రం మామగారు కూతుర్ని పెరట్లోకి పిలిచారు. నేనూ వెళ్ళాను.

"ఇది నువ్వు బిగించుకో. ప్రెస్సు కూడా ఇకనుంచి నువ్వే చూసుకో. మీ ఆయన బడికి పోతాడు. ప్రెస్సంటే ఇష్టమేనా అని విమానంలో అడిగితే లేదన్నాడు, మేం అప్పుడే అనుకున్నాం."

మా ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"మీరిద్దరూ ఆకాశంలో కూర్చుని నా సంగతి తేల్చేశారన్నమాట. నన్నడిగారా?"

మామగారు నా వైపు చూశారు. నేను పెట్టెల వైపు చూశాను.

"ఇష్టమో కాదో అల్లుణ్ణి అడగడానికి నీకు ఇన్నేళ్ళు పట్టింది నాన్నా. నన్నడగడానికి ఇంకెన్నేళ్ళు పడుతుంది?" అంది. గొంతు పెంచలేదు. మమ్మల్ని అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

మామగారు పెట్టె మీద కూర్చుండిపోయారు. "దాని మొగుడివి నువ్వు. నువ్వైనా చెప్పొద్దా ముందు?" అన్నారు. చెప్పాల్సిందే. విమానం దిగాక నా మనసంతా నా బడి మీదే ఉండిపోయింది, ఆమెని మేమిద్దరం కలిసే మర్చిపోయాం. ఆ మాటే అన్నాను. ఆయన తలూపి లేచారు. మిషన్ హాల్లోకి వెళ్ళి, అచ్చు ప్లేటు కడుగుతున్న కూతురి పక్కన నిలబడ్డారు. నేను గుమ్మం ఇవతలే ఆగాను.

"నీకు ఇష్టమేనా అమ్మా?"

"ఆలోచించుకుని చెబుతాను" అంది.

నిజంగానే ఆలోచించుకుంది. పట్టాల కింద పెట్టెలు అలాగే ఉన్నాయి. ఇంట్లో ముగ్గురం ఒకే బల్ల దగ్గర తింటూ ఆ ఊసెత్తకుండా కూరలో ఉప్పు గురించి మాట్లాడుకున్నాం. మామగారు రోజూ పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి పట్టాలు సర్ది వచ్చేవారు. ఒకరోజు తినడం ముగించి, చేతులు కడుక్కుని వచ్చి ఆమె చెప్పింది.

"ఇష్టమే. కానీ నా పద్ధతిలో బిగిస్తాను. నువ్వు అక్కడ ఉండొచ్చు. నేను అడిగితే చెప్పాలి."

"అడక్కపోతే?"

"టీ తాగుతూ కూర్చో."

ఆయన నవ్వారు. ఆయన పళ్ళు అంత తెల్లగా ఉంటాయని నాకు తెలియదు.

బిగించడం అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. ఒక సిలిండరు ప్రయాణంలో వొరుసుకుపోయింది, దాన్ని బాగుచేయించడానికే వారాలు పట్టాయి. ఒకసారి రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చోక, అచ్చులో ఉన్న పిల్లాడి బొమ్మకి రెండు ముక్కులొచ్చాయి. మా ఆవిడ ఆ కాగితాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. మామగారి నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. టీ గ్లాసు ఎత్తి తాగారు. గ్లాసులో టీ లేదు. అది చూసి ఆమెకి నవ్వొచ్చింది. "సరే, చెప్పు నాన్నా" అంది. ఇద్దరూ మిషన్ కిందికి దూరారు.

నన్ను బడిలో తీసుకున్నారు. పాత ఉద్యోగం కాదు, చిన్న తరగతులు. పిల్లలు అడిగే ప్రశ్నలకి జవాబులు వెతుక్కుంటూ ఇంటికొచ్చేవాణ్ణి.

వానలు పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ ప్రెస్సులోకి వెళ్ళాను. లోపల కొత్త మిషన్ నడుస్తోంది. ఆఫీసు గదిలో ఫోను మోగింది. మామగారు తీశారు. అట్టపెట్టెలు వేయించుకునే పాత ఖాతాదారు, పెద్ద గొంతు, అవతలి మాట నాకూ వినబడుతోంది. కొత్త పెట్టె ఎప్పటికి అవుతుందో, రంగు కాస్త ముదురుగా రావడానికి వీలవుతుందో లేదో చెప్పమంటున్నాడు.

"ఆవిడ మిషన్ మీద ఉన్నారండీ" అన్నారు మామగారు.

"ఆవిడెందుకండీ, మీరున్నారుగా. మీకు తెలీదా ఏమిటి, మీరే చెప్పేయండి."

మామగారు హాలు వైపు చూశారు. ఆయనకి తెలుసు. ఆ రంగు ఎంత ముదురుతుందో, ఎన్నాళ్ళు పడుతుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

"నాకు తెలీదండీ" అన్నారు. "అడిగి చెబుతాను."

ఫోను పక్కన పెట్టి హాలు గుమ్మం దాకా వెళ్ళారు. లోపల మిషన్ తిరుగుతోంది, మా ఆవిడ వంగి కాగితాల వరస చూసుకుంటోంది. ఆయన పిలవలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె తలెత్తేదాకా అక్కడే నిలబడ్డారు.